అద్దములో చూచుకొని మరువని కాపరి: బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగము: యాకోబు 1:22-25



వాక్యము విని ఊరకుండువానిని యాకోబు భక్తుడు అద్దము చూచుకొనిన మనుష్యునితో పోల్చుచున్నాడు. ముఖముమీద మరక కనబడినది. కాని అద్దము విడిచి నాలుగడుగులు వేయగానే ఆ సంగతి మరచెను. మరక అట్లే యున్నది. ఈ పోలిక మనకు క్రొత్త కాదు. ఆదివారము గుడిలో కన్నీరు విడిచి, సోమవారము పొలము గట్టుమీద పొరుగువానితో తగవులాడువారము మనమే గదా! ఈ నెల, అద్దములో కనబడినదానిని మరువక, ఏడు సంవత్సరములు పట్టినను దానిని సరిచేసికొనిన ఒక దైవజనుని జీవితమును ధ్యానింతము. ఆయన తెలుగువాడు కాడు గాని తెలుగు సంఘములకు తన ప్రాణమును ధారపోసినవాడు.

వేదనాయకము సామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళ దేశమందలి తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై అను గ్రామములో జన్మించిరి. తండ్రి ఆ పల్లెలో సంఘ గురువు. తల్లి ప్రార్థనాపరురాలు. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితశాస్త్రము చదివిరి గాని, పరీక్ష సమయమున జబ్బుపడుటచేత పట్టము పొందలేకపోయిరి. 1895లో క్రైస్తవ యువజన సంఘములో కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతట తిరిగి యువకులకు వాక్యము బోధించుచుండిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని ఆడంబరము లేకుండ వివాహమాడిరి. ప్రసంగములు ఫలించుచుండెను. మంచి పేరు వచ్చెను. ఇంతకంటె ఏమి కావలెనని లోకము తలంచును.

1902లో ఆయన సంఘ పనిమీద సముద్రము దాటి సింహళములోని యాళ్పాణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు సంఖ్యకు కొద్దిమంది. అయినను వారు తమ స్వంత కానుకలతో ఒక మిషనును నడుపుచు, భారతదేశములోని తమిళులకు సువార్త చెప్పుటకు సేవకులను పంపుచుండిరి. ఇది విని అజరయ్యగారు సిగ్గుపడిరి. తిరునల్వేలి సంఘము వారికంటె ఎంతో పెద్దది. అట్టి సంఘమునుండి తెలియని దేశమునకు స్వంతముగా వెళ్లినవారేరి? దొరలు వచ్చి ఇచ్చినది పుచ్చుకొనుటయే గాని, తాము ఇచ్చినదేది? ఇదియే ఆయనకు దేవుడు చూపిన అద్దము.

ఆయన మరచిపోలేదు. తిరునల్వేలికి తిరిగి వచ్చి పెద్దలతో మాటలాడిరి. 1903 ఫిబ్రవరిలో పాళయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సంఘము స్థాపింపబడెను. ధనము భారతీయులది, సేవకులు భారతీయులు, యాజమాన్యము భారతీయులది. ఆ సంఘము తన పొలముగా నైజాము రాజ్యములోని తెలుగు ప్రాంతమగు డోర్నకలును ఏర్పరచుకొని, అక్కడికి తన మొదటి సేవకుని పంపెను. 1905 డిసెంబరు 25న శ్రీరాంపురములో జాతీయ మిషనరీ సంఘము కూడ స్థాపింపబడెను. అందులోను అజరయ్యగారే కార్యదర్శి.

ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. సంఘము పెట్టుట మంచి పని. ఇతరులను పంపుట మంచి పని. కాని ఊరూర యువకులను నిలువబెట్టి, మీలో ఎవరు వెళ్లుదురని అడుగుచున్నవాడు తాను మాత్రము వెళ్లలేదు. ఈ మాట ఎవరును ఆయనను అడిగియుండకపోవచ్చును. రెండు సంఘముల భారము మోయుచున్న మనిషిని తప్పుపట్టువారెవరు? అయినను తాను చేయని పనిని ఇతరులకు చెప్పుట ఆయన మనస్సాక్షికి ముల్లుగా నుండెను. తుదకు 1909లో ఆ పదవిని విడిచిపెట్టిరి. అదే సంవత్సరము గురుపట్టాభిషేకము పొంది, కుటుంబముతో కూడ డోర్నకలుకు వచ్చి చేరిరి. అప్పటికాయనకు ముప్పదియైదేండ్లు. యాళ్పాణములో సిగ్గుపడిన దినమునుండి డోర్నకలు చేరువరకు ఏడు సంవత్సరములు పట్టెను. మన ఆత్మీయ జీవితము వరిచేను వంటిది. నాటిన దినముననే కోత రాదు. కాని నాటినది ఎండిపోకుండ నీరు పెట్టుచుండవలెను.

డోర్నకలు అప్పుడు ఒక చిన్న రైల్వే జంక్షను. చుట్టును అడవులు, బీద పల్లెలు. తెలుగు ఆయన మాతృభాష కాదు. వేల మందియెదుట అనర్గళముగా మాటలాడిన ప్రసంగీకుడు తెలుగు అక్షరములు దిద్దుకొని, పల్లెవాసుల మాట నేర్చుకొనవలసివచ్చెను. పెద్దవాడైన పిమ్మట చిన్నపిల్లవానివలె నేర్చుకొనుటకు ఎంత తగ్గింపు కావలెనో ఆలోచింపుడి.

1910లో ఎడింబరో పట్టణమున జరిగిన గొప్ప మిషనరీ మహాసభలో మాటలాడుటకు ఆయనను పిలిచిరి. అక్కడ ఆయన తెల్లదొరలయెదుట భయపడక ఒక సత్యము చెప్పిరి. మీరు మాకొరకు ఆస్తులిచ్చితిరి, ప్రాణములును ఇచ్చితిరి, కాని మాతో కలిసి కూర్చుండు స్నేహము ఇయ్యలేదు, దానిని ఇయ్యుడని ప్రేమతో వేడుకొనిరి. అది కొందరికి కష్టముగా తోచెను. కాని ఇట్టి మాట పలికినవాడు ఇంటికి వచ్చి ఏమి చేయవలెను? పైవారిని అడిగిన స్నేహమును క్రిందివారికి తానును ఇయ్యవలెను గదా!

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయములో అజరయ్యగారు డోర్నకలు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. కొందరు దొరలు దీనికి ఒప్పుకొనలేదు. తక్కువ కులమువాడని కొందరు భారతీయ క్రైస్తవులే అడ్డు చెప్పిరి. ఆయన వాదులాటకు పోలేదు. ఎడ్లబండియెక్కి పల్లెలకు వెళ్లిరి. ఊరి వెలుపలనున్న మాలపల్లెలలోను మాదిగగూడెములలోను కూర్చుండి, కూలిచేసికొను బీదలతో మాటలాడి, వారికి వాక్యము బోధించిరి. తమలో తాము ఒకరితో ఒకరు కలిసి భుజింపని ఈ రెండు జనములవారిని ప్రభువు బల్లయొద్ద ఒక్కటిగా మోకరించుమని నేర్పిరి. అన్బు అమ్మగారు స్త్రీల మధ్య పని చేసిరి.

విశ్వాసము ఇంటిలోనికి, గిన్నెలోనికి, చేతి సంచిలోనికి రావలెనని ఆయన బోధ. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని పల్లెలను పట్టిన నాలుగు దయ్యములని చెప్పి, వాటిని వెళ్లగొట్టుమనిరి. బీదవాడైనను దేవునికి ఇయ్యవలెనని నేర్పి, క్రైస్తవులు ఇచ్చు కానుకలనుగూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చేతులు తమ తలలమీద పెట్టుకొని, సువార్త చెప్పనియెడల తమకు శ్రమయని అపొస్తలుడైన పౌలువలె ఒప్పుకొనునట్లు చేయుచుండిరి. పంపబడువాడు వేరు, పంపువాడు వేరు అను మాట అక్కడ లేదు. ప్రతివాడును వెళ్లవలసినవాడే. తాను ఏడు సంవత్సరములు నేర్చుకొనిన పాఠమును మొదటి దినముననే తన జనులకు నేర్పిరి.

ఫలమేమి? చదువురాని బీద క్రైస్తవులు త్రాగుడు మాని, శుభ్రముగా నుండి, అబద్ధమాడుట విడిచినప్పుడు ఊరివారు చూచిరి. వారి మార్పును చూచి సవర్ణ కుటుంబములవారు కూడ అనేకులు ప్రభువునొద్దకు వచ్చిరి. ఆయన దినములలోనే ఆ డయాసిసులో విశ్వాసులు రెండు లక్షలకు మించిరి.

డోర్నకలు దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దాని స్తంభములు మన దేశపు గుడులను, గుమ్మటములు మసీదులను తలపించును. మన దేశపు ప్రజలు తమ స్వంత రూపముతోనే క్రీస్తును ఆరాధింపవచ్చునని ఆ రాళ్లు నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. సంఘముల ఐక్యతకొరకు 1919లో తరంగంబాడిలో జరిగిన కూటము మొదలుకొని ఆయన పాటుపడిరి. కాని 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన దినమును కన్నులార చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకలులో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియ చదువరీ, నీ అద్దములో ఏమి కనబడుచున్నది? పిల్లలకు అబద్ధమాడవద్దని చెప్పి, అప్పులవాడు వచ్చినప్పుడు ఇంట లేనని వారిచేతనే చెప్పించుచున్నావా? సంఘములో పెద్దవై సమాధానమునుగూర్చి మాటలాడుచు, నీ తమ్మునితో మాటలు మానితివా? ప్రార్థన కూటమునకు ఇతరులను పంపి నీవు అరుగుమీద కూర్చుంటివా? సిగ్గు కలిగినయెడల భయపడకుము. ఆ సిగ్గు దేవుడిచ్చిన విత్తనము. మరచిపోకుము. ఈ దినముననే ఒక అడుగు వేయుము. ఎక్కడికో దూరదేశమునకు పోనక్కరలేదు; నీ డోర్నకలు నీ వీధి చివరనున్న ఇల్లే కావచ్చును.

ప్రార్థన: ప్రభువా, మా నోటిమాటయు మా నడతయు ఒక్కటియగునట్లు చేయుము. నీవు చూపినదానిని మరువని హృదయమును, ఆలస్యమైనను లోబడు మనస్సును మాకు దయచేయుము. ఆమెన్.