వేలూరు డాక్టరమ్మ ఇడా స్కడ్డరు

1911 వరకు మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. అందుచేత వేలూరు మనకు పరాయి ఊరు కాదు. జబ్బు ముదిరితే వేలూరికి తీసుకొనిపోవుట మన ఇండ్లలో ఈనాటికీ వాడుక. ఆ ఆసుపత్రికి పునాది వేసిన ఇడా స్కడ్డరమ్మగారిని ఈ శతవత్సర సంచికలో స్మరించుకొనుట మన విధి.

ఆమె 1870 డిసెంబరు 9న రాణీపేటలో, ఆర్కాటు మిషనుకు చెందిన వైద్యుల కుటుంబములో జన్మించిరి. అమెరికాలో చదువుకొని, తల్లికి జబ్బుగా నుండుటచే తిండివనము వచ్చిరి. మిషనరీగా నిలిచిపోవు తలంపు ఆమెకు లేదు. ఒక రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదనలోనున్న తమ భార్యలను చూడుమని ఆమెను వేడుకొనిరి. తండ్రి వైద్యుడే గాని, పురుషుని లోనికి రానిచ్చుటకు వారు ఒప్పుకొనలేదు. ఆమెకు వైద్యము రాదు. తెల్లవారునప్పటికి ముగ్గురు తల్లులును మరణించిరి. ఆ రాత్రి ఆమె జీవితమును మార్చివేసినది. 1899లో కార్నెల్‌లో వైద్యపట్టము పొంది, 1900లో వేలూరు చేరిరి. 1902లో షెల్ ఆసుపత్రి వెలసినది.

అయితే ఒక్క డాక్టరమ్మ ఎన్ని గడపలు తొక్కగలరు? గుడియాత్తము దారిలో చెట్లక్రింద కాచుకొనియున్న రోగుల కొరకు ఆమె మందులతో వెళ్లుచుండిరి. కాని సీసాలోని మందు ఒక్కటే చాలదు. పుండును ఎట్లు శుభ్రముగా నుంచవలెనో, బాలింతను ఎట్లు చూచుకొనవలెనో ఇంటివారికి వారి భాషలో, వారు నమ్మునట్లు చెప్పు మనిషి కావలెను. అట్టివారిని ఈ దేశపు స్త్రీలలోనే తయారుచేయవలెనని ఆమె పూనుకొనిరి. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీల వైద్యపాఠశాల ప్రారంభమాయెను. 1922లో మొదటి తరగతినుండి 14 మంది ఉత్తీర్ణులైరి. 1946లో నర్సింగు డిగ్రీ చదువు కూడ వచ్చినది.

1960 మే నెలలో ఆమె ప్రభువునందు నిద్రించిరి. పని ఆగలేదు. 1977లో, అదే గుడియాత్తము దారిలోని కె.వి. కుప్పములో గ్రామారోగ్య కేంద్రము ఏర్పడి, పల్లె స్త్రీలకే శిక్షణనిచ్చి ఇంటింటికి పంపినది.

నేడు మన పల్లెలలో ఆశా కార్యకర్తలును, నర్సమ్మలును అదే పని చేయుచున్నారు. మనలో ఎందరమో మందుచీటీ చేతపట్టుకొని, అందులో ఏమున్నదో అడుగక ఇంటికి వచ్చెదము. గడపలోనికి వచ్చి చెప్పు ఆ సోదరిని కూర్చుండబెట్టి, సందేహములడిగి, తెలిసికొందము. చదువుకొనిన మన ఆడబిడ్డలను ఆ సేవకు సిద్ధపరచుదము. తిండివనములో ఆ రాత్రి కొరతపడినది మందు కాదు, లోనికి పోగల చేయి.