కరెంటు శాఖలో బాబాసాహెబ్

ప్రతి ఏప్రిల్ 14న మన వాడల్లో బాబాసాహెబ్ విగ్రహానికి సీరియల్ లైట్లు కడతాం. ఆ లైట్లు వెలిగించే కరెంటుతో ఆయనకున్న సంబంధం గురించి మాత్రం మన సభల్లో అరుదుగా మాట్లాడుకుంటాం. 1942 జూలై నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. విద్యుత్తు, నీటిపారుదల, గనులు కూడా ఆ శాఖ కిందే ఉండేవి.

1891లో మౌలో పుట్టిన అంబేద్కర్ బొంబాయి పరేల్‌లో ఒకే గదిలో, కిరోసిన్ దీపం దగ్గర చదువుకున్నారు. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివారు. 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. భూమి మీద బతికేవాళ్ల సంఖ్య మోయలేనంతగా పెరిగిందని, వాళ్లకు పరిశ్రమల్లో పని చూపించాలని అందులో వాదించారు. భూమి లేని అంటరాని కులాలకు ఊరి దొర పొలం దాటి బతికే దారి అది. పరిశ్రమ నడవాలంటే కరెంటు కావాలి. పాతికేళ్ల తర్వాత ఆ శాఖే ఆయన చేతికి వచ్చింది.

1943 అక్టోబరులో విద్యుత్తు విధాన సంఘం ముందు ఆయన అసలు ప్రశ్నలు పెట్టారు. కరెంటు ప్రైవేటు చేతిలో ఉండాలా, ప్రభుత్వం చేతిలోనా? బాధ్యత కేంద్రానిదా, ప్రావిన్సులదా? పేదరికం నుంచి బయటపడాలంటే కరెంటు చౌకగా, సమృద్ధిగా దొరకాలన్నది ఆయన వాదన. 1944లో ఆయన శాఖ కింద కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది. అదే కాలంలో ఆయన ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనులకు వెళ్లి కార్మికుల స్థితి చూశారు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది.

సరిహద్దు సమస్య దామోదర్ దగ్గర ముందుకొచ్చింది. 1943లో ఆ నది బెంగాల్‌ను ముంచింది. ఆనకట్టలు కట్టాల్సిన చోటు మాత్రం బీహార్‌లో. ముంపు ఒకరికి, మేలు మరొకరికి అయితే ఏ ప్రావిన్సు ఒప్పుకుంటుంది? 1945లో అంబేద్కర్ కేంద్రాన్ని, రెండు ప్రావిన్సులను కలకత్తాలో ఒకచోట కూర్చోబెట్టారు. వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు మూడూ కలిసిన ఉమ్మడి పథకంగా దాన్ని నడిపించారు. 1948లో మూడు ప్రభుత్వాల భాగస్వామ్యంతో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. రాజ్యాంగంలో విద్యుత్తు ఉమ్మడి జాబితాలో చేరింది.

1956 డిసెంబరు 6న ఆయన మనల్ని విడిచిపోయారు. 2013 అక్టోబరులో పశ్చిమ బెంగాల్ బహరంపూర్ నుంచి బంగ్లాదేశ్ భేరామారాకు 500 మెగావాట్ల లంకె మొదలైంది. అదే ఏడాది డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మన తెలుగు నేల ఉన్న దక్షిణ గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో ఏకమైంది. ఇప్పుడు నేపాల్, భూటాన్‌లతోనూ కరెంటు ఇచ్చిపుచ్చుకుంటున్నాం. ఒకచోట కొరత వస్తే మరొకచోటి నుంచి తెచ్చుకునే ఈ ఏర్పాటునే ఇంధన భద్రత అంటున్నారు.

ఆ భద్రత ఎవరికి అన్నదే మా ప్రశ్న. మైథాన్, పాంచెత్ ఆనకట్టల కింద భూములు పోయిన ఆదివాసులు ఉద్యోగాల కోసం, పరిహారం కోసం దశాబ్దాలు పోరాడారు. 2023 నుంచి జార్ఖండ్‌లోని గొడ్డాలో 1600 మెగావాట్ల బొగ్గు కేంద్రం బంగ్లాదేశ్‌కు కరెంటు పంపుతోంది. దాని భూసేకరణను అక్కడి ఆదివాసీ, దళిత రైతులు ఎదిరించారు. తీగలు దేశాల సరిహద్దులు దాటాయి. కానీ భూమి ఇచ్చినవాళ్లు ఎవరు, వెలుగు పొందినవాళ్లు ఎవరు అన్న లెక్క మారలేదు.

అంబేద్కర్‌ను గ్రిడ్‌కు ఆద్యుడిగా పొగడటం ప్రభుత్వాలకు సులువే. పేదరికం నుంచి బయటపడే సాధనంగా ఆయన కరెంటును చూశారు. కొత్త లైను వేసిన ప్రతిసారీ ఆ కొలతతోనే మనం లెక్క అడగాలి.