జైపాల్ సింగ్: పతకమును, పిత్రార్జితమును

పఠనము: 1 రాజులు 21:1–16

ముండా తెగవాడైన జైపాల్ సింగ్ 1903లో రాంచీ ప్రాంతమందలి టక్రా గ్రామమున జన్మించెను. రాంచీ సెయింట్ పాల్ మిషను పాఠశాలలో చదువుచుండగా, ప్రధానోపాధ్యాయుడైన కాస్‌గ్రేవ్ దొరగారు ఆయనను ఇంగ్లాండునకు తోడుకొని వెళ్లిరి. ఆక్స్‌ఫర్డులో విద్యనభ్యసించిన ఆయన, 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో భారత హాకీ జట్టునకు నాయకుడాయెను. ఆ జట్టు బంగారు పతకము గెలిచెను.

క్రీడాకారునికి చప్పట్లు కొట్టుట సులభము. పొరుగున చోటిచ్చుట కష్టము. 1950వ దశకమున అమెరికాలో జాకీ రాబిన్సన్ అను ప్రఖ్యాత నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు ఇల్లు కొనబోగా, అమ్మజూపినవారు వెనుదీసిరి. జైపాల్ సింగ్ స్వజనులకైతే తాతల నాటి నేలయే చేజారుచుండెను. పతకముతో తృప్తిపడక, ఆయన 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడాయెను. 1946లో రాజ్యాంగ సభలో నిలిచి, తరతరములుగా భూమి పోగొట్టుకొనిన తన జనుల మొరను వినిపించెను. 1970లో కన్నుమూసెను.

అదే సీమలో, ఆదివాసులు నివసించిన సాక్చీ గ్రామ ప్రాంతమున, 1908లో జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగార నిర్మాణము ఆరంభమాయెను. బ్రతుకుదెరువునకై అచ్చటికి వెళ్లి స్థిరపడిన మన తెలుగువారు అనేకులు. మనకు ఇల్లు దొరికిన చోట మునుపు ఎవరి గుడిసె యుండెనో ఎన్నడైన తలంచితిమా? నాబోతు పిత్రార్జితమును గూర్చి అహాబును లెక్క అడిగిన దేవుడు మనలను అడుగకుండునా?

ప్రార్థన: ప్రభువా, పొరుగువాని గడపను గౌరవించు హృదయమును మాకనుగ్రహింపుము. ఆమేన్.