నమిలే దవడకు ఇంధనం ఏమిటి? తేల్చినవారిలో భీమవరం బిడ్డ

అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఎలా నమలాలో మనం ఆలోచించం. మొదలుపెట్టమని చెప్పేది మెదడు పైపొర. ఆ తర్వాత దవడ లయను నడిపేది మెదడు కాండంలోని నాడీకణాల గుంపు. ముద్ద మెత్తనిదో, గట్టిదో పళ్ల వేళ్ల దగ్గరి నాడులు కబురు పంపుతాయి. అయిదో కపాలనాడి దవడ కండరాలను బిగిస్తుంది. అయితే ఆజ్ఞ అందితే చాలదు, కండరానికి ఇంధనం కావాలి. అదేమిటో తేల్చినవారిలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా దక్కింది.

ఇంట్లో అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. నాలుక పూసి ముద్ద మింగడమే కష్టమయ్యే, తిన్నది ఒంటబట్టని జబ్బది. సుబ్బారావుకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బతికారు.

1920లలో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్నాచితకా పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. కండరం కదలికకు గ్లైకోజెన్, లాక్టిక్ ఆమ్లమే ఆధారమని అప్పటి నమ్మకం. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. కండరం నేరుగా ఖర్చుచేసేది ఏటీపీనే. అది తరిగితే వెంటనే భర్తీ చేసే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్.

ఇంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అది మందైంది. బోదకాలు మందు, లుకేమియా చికిత్సకు దారి చూపిన అమినాప్టెరిన్ కూడా ఆ బృందం నుంచే వచ్చాయి.

ఆయన మళ్లీ భారత్‌కు రాలేదు. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో భారత తపాలాశాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

భీమవరంలో తెలుగులో చదివే పిల్లలైనా, జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో హిందీలో చదివే తెలుగింటి పిల్లలైనా జీవశాస్త్రంలో ఏటీపీ చదవక తప్పదు. ఆ మూడక్షరాల పక్కన సుబ్బారావు పేరు కూడా చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.