విమానానికి జ్ఞాపకశక్తి నిచ్చిన డేవిడ్ వారెన్

ఆస్ట్రేలియా ఉత్తర తీరాన కార్పెంటేరియా సింధుశాఖ ఉన్నది. అందులోని గ్రూట్ ఐలాండ్ అనే దీవిలో 1925 మార్చి 20వ తేదీన డేవిడ్ రొనాల్డ్ డి మే వారెన్ జన్మించారు. తండ్రి హ్యూబర్ట్ వారెన్ క్రైస్తవ మతాచార్యులు. ఆదివాసుల మధ్య సేవాకేంద్రం నడుపుతూ ఆ మారుమూల దీవిలో కాపురముండేవారు. అక్కడ పుట్టిన తొలి యూరోపియన్ శిశువు డేవిడే. నాలుగేళ్ళ పసితనంలోనే చదువు కోసం ఆ బాలుని తల్లిదండ్రులకు దూరంగా, ఖండానికి దక్షిణ కొసనున్న టాస్మానియాలోని లాన్సెస్టన్ పట్టణపు హాస్టల్ పాఠశాలకు పంపించారు. తండ్రీకొడుకులు కలిసి గడిపిన కాలం చాలా స్వల్పం. ఆ స్వల్పకాలం కూడ ఎక్కువ రోజులు సాగలేదు.

1934 అక్టోబరు 19వ తేదీన హ్యూబర్ట్ వారెన్ లాన్సెస్టన్ నుండి మెల్‌బోర్న్ వెళ్ళే మిస్ హోబార్ట్ అనే విమానమెక్కారు. అప్పట్లో అది సరికొత్త విమానం. బాస్ జలసంధి మీద అది అదృశ్యమైపోయింది. అందులో ఉన్నవారిలో ఒక్కరు కూడ తిరిగి రాలేదు. విమానం ఎందుకు కూలిందో చెప్పగల సాక్ష్యాన్ని సముద్రం తిరిగి ఇవ్వలేదు. ఊహలు అనేకం వచ్చాయి గాని నిశ్చయంగా తేలినది లేదు. అప్పటికి డేవిడ్ వయస్సు తొమ్మిదేళ్ళు. తండ్రి చివరిసారిగా కొనిచ్చిన బహుమతి ఒక క్రిస్టల్ రేడియో సెట్టు. విద్యుచ్ఛక్తి అక్కరలేకుండా చెవికి గొట్టం ఆనించి వినే చిన్న యంత్రమది. రాత్రివేళ హాస్టల్ పక్క మీద పడుకొని ఆ రేడియో వినడం, విప్పి చూడడం, మళ్ళీ బిగించడం, అలాంటివే తానుగా తయారుచేయడం ఆ బాలుని వ్యాసంగమయింది. ఒక పరిశోధకుని జీవితంలో తొలి పాఠ్యపుస్తకం ఏదని అడిగితే, ఈయన విషయంలో ఆ రేడియో సెట్టునే చూపవలసి ఉంటుంది.

రేడియో ప్రసారాల ఔత్సాహికుడు కావాలని ఆ యువకుడు ఉవ్విళ్ళూరాడు. కాని 1939లో రెండవ ప్రపంచ సంగ్రామం రావడంతో ఔత్సాహికుల ప్రసారాలను ప్రభుత్వం నిషేధించింది. దాంతో ఆయన దృష్టి రసాయనశాస్త్రం వైపు మళ్ళింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, కొంతకాలం గీలాంగ్ గ్రామర్ స్కూలులో గణితం, రసాయనశాస్త్రం బోధించారు. పిదప సిడ్నీలో అధ్యాపకత్వం, వూమెరా రాకెట్ ప్రయోగ కేంద్రం పనులు, లండన్ ఇంపీరియల్ కాలేజీలో పరిశోధన, డాక్టరేటు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1948లో రూత్ మెడోస్‌ను వివాహమాడారు. వారికి నలుగురు సంతానం. 1952లో మెల్‌బోర్న్‌లోని ఏరోనాటికల్ రిసెర్చ్ లేబొరేటరీస్‌లో చేరి, 1983లో విశ్రాంతి పొందేవరకు ముప్పై ఒక్క సంవత్సరాలు అక్కడే పనిచేశారు. ఆయనకు అప్పగించిన విషయం విమాన ఇంధనాలు. రికార్డర్లతో ఆ శాఖకు ఏ సంబంధమూ లేదు.

ఆ రోజుల్లో లోకమంతా కామెట్ విమానాన్ని గూర్చి చెప్పుకొంటున్నది. జెట్ ఇంజన్లతో ప్రయాణికులను మోసిన తొలి విమానం అదే. 1952 మే 2వ తేదీన సేవలోకి వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2వ తేదీన, కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయం నుండి లేచిన కామెట్ ఒకటి కొద్ది నిమిషాలలోనే గాలివానలో చిక్కి బెంగాల్ పల్లెసీమలో ముక్కలై పడింది. 43 మంది మరణించారు. 1954 జనవరిలో మరొకటి ఎల్బా దీవి వద్ద, ఏప్రిల్‌లో ఇంకొకటి నేపుల్స్ దగ్గర సముద్రంలో కూలాయి. కారణం తెలియక పండితులు తలలు పట్టుకొన్నారు. ఆస్ట్రేలియాలో ఏర్పడిన నిపుణుల సంఘంలో ఇంధన శాస్త్రజ్ఞుడుగా వారెన్ కూడ కూర్చున్నారు. శకలాలను చూసి వాదించుకొనే ఆ సభలో ఆయన మనస్సు వేరొక దిక్కుకు పోయింది. కొద్దికాలం ముందు ఒక వాణిజ్య ప్రదర్శనలో జేబులో పట్టే జర్మన్ రికార్డరును ఆయన చూశారు. సన్నని ఉక్కుతీగె మీద మాటలను అయస్కాంత రూపంలో నిలుపుకొనే యంత్రమది. కూలిన విమానంలో అలాంటిది ఒక్కటి ఉండి, దానిని వెలికి తీయగలిగి ఉంటే, పైలట్ల ఆఖరి మాటలే కారణం చెప్పి ఉండేవి గదా అన్న ఆలోచన ఆయనను వదలలేదు.

ఆలోచన రావడం ఒక ఎత్తు, దానిని పై అధికారి చెవిని వేయడం ఇంకొక ఎత్తు. ఇంధనాల శాఖవానికి పరికరాల జోలి ఎందుకని తొలుత ఆయనను నిరుత్సాహపరిచారు. తరువాత వచ్చిన అధికారి టామ్ కీబుల్ మాత్రం ఆ ఊహను కాగితం మీద పెట్టమని ప్రోత్సహించారు. 1954లో వారెన్ వ్రాసిన చిన్న నివేదిక అనేక సంస్థలకు వెళ్ళింది. ఎవ్వరూ పట్టించుకోలేదు. కాగితం వల్ల కాని పని యంత్రం వల్ల కావచ్చునని, 1956-57 నాటికి ఆయన ఒక నమూనా నిర్మించారు. చదునైన చిన్న పెట్టె అది. పైలట్ల సంభాషణతో పాటు ఎనిమిది పరికరాల సూచికలను కూడ ఉక్కుతీగె మీద నాలుగు గంటలపాటు నమోదు చేయగలిగేది. నాలుగు గంటలు నిండిన తరువాత పాతది చెరుపుకొంటూ కొత్తది వ్రాసుకొనేది గనుక, ఎప్పుడు చూచినా చివరి నాలుగు గంటల కథ అందులో పదిలంగా ఉండేది. దానికి ఫ్లైట్ మెమరీ యూనిట్ అని పేరు పెట్టారు. మంటలకు ప్లాస్టిక్ టేపు కరిగిపోతుంది, ఉక్కుతీగె తట్టుకొంటుంది. ఆ తీగెను ఎన్నుకోవడంలోనే వారెన్ రసాయనశాస్త్ర జ్ఞానం కనబడుతుంది.

స్వదేశంలో దానికి దొరికిన ఆదరణ విచారకరం. పౌర విమానయాన శాఖవారు దాని వల్ల తక్షణ ప్రయోజనం లేదని తేల్చారు. వైమానిక దళంవారు అందులో వివరాల కంటె తిట్లే ఎక్కువ వినబడతాయని చమత్కరించారు. పైలట్ల సంఘంవారు తమ గదిలో గూఢచారిని కూర్చోబెడుతున్నారని భయపడ్డారు. నిజానికి ఈ మూడవ అభ్యంతరంలో కొంత న్యాయం లేకపోలేదు. పనిచేసే మనిషి ప్రతి మాటనూ యంత్రం వింటూ ఉంటే ఎవరికైనా సంకోచమే. అందుకే పలు దేశాల చట్టాలు ఆ ధ్వనిముద్రణను ప్రమాద విచారణ పరిధిలోనే కట్టుదిట్టంగా ఉంచాయి. నాటి అధికారుల ఉపేక్షకు మాత్రం అటువంటి సమాధానం లేదు.

దారి తెరిచినవాడు పరదేశి. 1958లో బ్రిటన్‌కు చెందిన ఎయిర్ రిజిస్ట్రేషన్ బోర్డు కార్యదర్శి సర్ రాబర్ట్ హార్డింగ్‌హామ్ ప్రయోగశాలను చూడవచ్చారు. భోజన విరామంలో వారెన్ తన పెట్టెను చూపించారు. కార్యక్రమ పట్టికలో లేని ప్రదర్శన అది. హార్డింగ్‌హామ్ దాని విలువను వెంటనే గ్రహించి, వారెన్‌ను పెట్టెతో సహా ఇంగ్లాండుకు రప్పించారు. అక్కడ ఘనమైన ఆదరణ లభించింది. తిరిగి వచ్చాక లేన్ సియర్, కెన్ ఫ్రేజర్, వాల్టర్ బాస్వెల్ అనే సహచరులతో కలిసి వారెన్ యంత్రాన్ని మెరుగుపరచి, సెకనుకు 24 కొలతలు నమోదయ్యేటట్లు చేశారు. బ్రిటన్‌లో డావల్ సంస్థ దానిని అగ్నిని తట్టుకొనే కవచంలో అమర్చి అమ్మింది. గుండ్రని ఎర్రని రూపం వల్ల దానికి ఎర్ర గుడ్డు అన్న ముద్దుపేరు కూడ వచ్చింది.

ఆస్ట్రేలియా కన్ను తెరవడానికి మరొక దుర్ఘటన కావలసి వచ్చింది. 1960 జూన్ 10వ తేదీ రాత్రి క్వీన్స్‌లాండ్‌లోని మకై పట్టణం వద్ద ఫోకర్ విమానం సముద్రంలో కూలి 29 మంది మరణించారు. విచారణ జరిపిన న్యాయమూర్తి స్పైసర్ కారణం నిర్ణయించలేకపోయారు; విమానాలలో రికార్డర్లు ఉండి తీరాలని సిఫారసు చేశారు. ఆ మీదట పైలట్ల గదిలోని మాటలు నమోదు చేసే యంత్రాన్ని నిర్బంధం చేసిన తొలి దేశంగా ఆస్ట్రేలియా పేరు పొందింది. చిత్రమేమంటే, ఆ రికార్డర్ల సరఫరా ఒక అమెరికన్ సంస్థకు పోయింది గాని వారెన్ నమూనాకు దక్కలేదు. ఈ పరికరం మీద ఆయనకు రాయల్టీగా ఒక్క కాసు ముట్టలేదు. ప్రభుత్వ గౌరవమైన ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా 2002లో గాని రాలేదు. అప్పటికి ఆయన వయస్సు 76 సంవత్సరాలు. 2008లో క్వాంటాస్ సంస్థ తన మహావిమానం ఎయిర్‌బస్ ఏ380 ఒకదానికి ఆయన పేరు పెట్టింది.

2010 జూలై 19వ తేదీన, 85వ ఏట, మెల్‌బోర్న్‌లో వారెన్ కన్నుమూశారు. ఫ్లైట్ రికార్డర్ల మీద తెరవరాదని వ్రాసి ఉండే హెచ్చరికను, హాస్యంగా, శవపేటిక మీద కూడ వ్రాసి అంత్యక్రియలు జరిపారు.

ఆయన పెట్టెకు నల్లపెట్టె అన్న పేరు స్థిరపడింది గాని, దాని రంగు నారింజ. శిథిలాలలో వెదకేవారికి దూరం నుండి కనబడాలని ఆ రంగు. నేటి ప్రమాణాల ప్రకారం అది గురుత్వాకర్షణకు 3400 రెట్లు ఉండే తాకిడిని, 1100 డిగ్రీల సెంటీగ్రేడు మంటలో గంటసేపటి వేడిని, 6000 మీటర్ల లోతు నీటి ఒత్తిడిని భరించాలి. నీటిలో మునిగితే దానికి తగిలించిన సంకేత పరికరం సెకనుకొకసారి, మనిషి చెవికి అందని ధ్వనితో, తానున్న చోటు చెబుతుంది.

ఇంత గట్టి యంత్రానికి ఒక్క విచిత్రమైన బలహీనత ఉన్నది. ఇంజను చెడిపోతే పైలట్‌కు క్షణంలో తెలుస్తుంది. చక్రం చెడిపోతే దిగేటప్పుడు తెలుస్తుంది. రికార్డరులోని ఒక భాగం చెడిపోతే విమానం యథాప్రకారం ఎగురుతుంది, యథాప్రకారం దిగుతుంది. ప్రయాణికులకు ఏ లోటూ ఉండదు. ప్రమాదం జరిగి పెట్టె తెరిచిన నాడు మాత్రమే లోపం బయటపడుతుంది. అందుచేతనే ఈ యంత్రపు లోపభూయిష్టమైన భాగాలను మార్చే విషయం సంస్థల ఇష్టాయిష్టాలకు వదలరు. తయారీదారు ఇచ్చే సూచన వట్టి సలహా. దాని వెనుక ప్రభుత్వ సంస్థ జారీచేసే ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ అనే ఆజ్ఞ చట్టంతో సమానం. ఏ నమూనా, ఏ వరుస సంఖ్య గల భాగాలు మార్చాలో, ఎన్ని నెలలలో లేక ఎన్ని గంటల ప్రయాణంలో మార్చాలో అందులో ఉంటుంది. గడువు దాటితే ఆ విమానం ఎగరడానికి అర్హత కోల్పోతుంది. మన దేశంలో ఈ అధికారం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌ది.

2014 మార్చి 8న 239 మందితో మాయమైన మలేషియా విమానం ఎంహెచ్ 370 ఉదంతం ఈ సంగతిని కఠోరంగా తెలియజేసింది. దాని సమాచార రికార్డరుకు కట్టిన సంకేత పరికరపు బ్యాటరీ గడువు 2012 డిసెంబరుతోనే ముగిసిందని, అది మార్చినట్లు దాఖలా లేదని ఏడాది తరువాత వెలువడిన నివేదిక వెల్లడించింది. సముద్రగర్భంలో వెదకినవారు వింటున్నది ఎన్నడో మూగబోయిన గొంతు కోసమే కావచ్చు. అంతకు ముందు, 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447 రికార్డర్లు సుమారు 3900 మీటర్ల లోతు నుండి 2011 మే నెలలో గాని బయటికి రాలేదు. ఆ అనుభవంతో సంకేతం 30 రోజులు కాక 90 రోజులు మోగాలని నియమాలు మార్చి, పాత పరికరాల స్థానంలో కొత్తవి పెట్టించారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అయితే 2016 జనవరి 1 నుండి అయస్కాంత టేపును, తీగెను రికార్డర్లలో పూర్తిగా మానివేయాలని శాసించింది. వారెన్ ఎంతో ఆలోచించి ఎన్నుకొన్న తీగె ఆ విధంగా ఆయన మరణించిన ఆరేళ్ళ లోపుననే శాశ్వతంగా సెలవు తీసుకొంది. కదిలే భాగమే లేని మెమరీ చిప్పులు దాని స్థానం ఆక్రమించాయి.

ధర్మపురి జిల్లాలో విమానాశ్రయం లేదు. అయినా ఈ విద్యకు ఈ నేల బొత్తిగా అపరిచితం కాదు. ధర్మపురి జిల్లాలో భాగంగా ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వెళ్ళిన హోసూరు దగ్గర, తెలుగువారు తరతరాలుగా నివసించే ఆ ప్రాంతంలో, బెళగొండపల్లి వద్ద ఒక విమాన కర్మాగారం, రన్‌వే 1990ల నుండి ఉన్నాయి. విమానాల మరమ్మతు శాలలు కూడ అక్కడ వెలశాయి. పెద్ద విమానాలను విప్పి, తనిఖీ చేసి, ఆజ్ఞాపత్రాలలో పేర్కొన్న భాగాలను తొలగించి కొత్తవి బిగించి, ఆ పనికి బాధ్యుడైన ఇంజనీరు సంతకం చేసే స్థలాలవి. హోసూరుకు కూతవేటు దూరంలోని బెంగుళూరులో 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 విమానం కూలి 92 మంది మరణించినప్పుడు, ఆఖరి నిమిషాలలో ఇంజన్లు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పినవి దాని రికార్డర్లే.

2025 జూన్ 12న అహ్మదాబాదులో ఎయిర్ ఇండియా బోయింగ్ 787 కూలి, విమానంలోని 241 మంది, నేల మీద 19 మంది మరణించారు. అందులో రెండు రికార్డర్లు ఉన్నాయి. తోకభాగంలోనిది మామూలు పద్ధతిలో చదవడానికి వీలులేనంతగా దెబ్బతిన్నది. ముందుభాగంలోనిది కాలిన శిథిలాల నుండి జూన్ 16న దొరికింది. పౌర విమానయాన మంత్రిగా శ్రీకాకుళం వాస్తవ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడు అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఢిల్లీలో ప్రారంభించిన ప్రయోగశాలలో ఆ నెలాఖరులోగా దానిలోని సమాచారాన్ని వెలికితీశారు.