ఫెలిక్సు వాంకెలు

ఆబిడ్సు నుండి నాంపల్లి రైలు స్టేషనుకు పోవు దారిలో, మరమ్మతు దుకాణము ముందు పాత మోటారు సైకిలును నిలిపి, మెకానిక్కు చెవి యొగ్గి వినుచు, కార్బ్యురేటరు స్క్రూను ఇంచుక త్రిప్పి మరల వినుట మన విద్యార్థులు చూచియే యుందురు. పెట్రోలు హెచ్చైన నల్లని పొగ. తగ్గిన టపటపమను ప్రేలుడు. నేలమీద నిది చిన్న చిక్కే. బండి ఆగిపోయినచో త్రోసికొని పోవచ్చును. ఆకాశమున నిదియే సంభవించినచో త్రోయువా రెవరు? తమ విమానమును తామే ఇంటివద్ద నిర్మించుకొని, దానికి వాంకెలు ఇంజనును బిగించు సాహసికులకు మిక్కిలి శ్రమ కలిగించునది యీ పెట్రోలు, గాలి పాళ్ల సమస్యయే. ఆ యింజనును కల్పించినవాని చరిత్రమును మే మిచ్చట వ్రాయుచున్నాము.

ఫెలిక్సు వాంకెలు 1902వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన జర్మనీ దేశమునందలి లారు పట్టణమున జన్మించెను. అటవీశాఖలో ఉద్యోగియైన తండ్రి మొదటి ప్రపంచ యుద్ధమున మరణించెను. ధనబలము లేనందున బాలునకు విశ్వవిద్యాలయ విద్య లభింపలేదు. హైడెల్బెర్గు నగరమున పుస్తకముల వ్యాపారసంస్థలో పనిచేయుచు, 1924లో నొక చిన్న కర్మశాలను నెలకొల్పుకొనెను. దృష్టిమాంద్యముచే మోటారు నడుపుటకు లైసెన్సు సైతము అతడు జీవితమున పొందలేదు. పట్టము లేనివాడును, కారు నడుపనివాడును మోటారు కంపెనీలను తన వాకిట నిలువబెట్టుకొనుట విచిత్రము కాదా!

అతని తలంపు సులభముగా చెప్పదగినది. సాధారణ ఇంజనులో పిస్టను పైకిపోయి, ఆగి, క్రిందికి వచ్చి, మరల ఆగుచుండును. ఈ ఆగుట లేల, ఎల్లప్పుడు తిరుగుచునే పనిచేయరాదా యని అతడు పదునేడేండ్ల ప్రాయముననే యోచించెను. నడుమ కొంచెము నొక్కిన కోడిగ్రుడ్డువంటి పెట్టెలో, ప్రక్కలు ఉబ్బిన త్రికోణము తిరుగును. దాని మూడు కొనలును గోడను విడువవు. ప్రతి ప్రక్కయు వరుసగా మిశ్రమమును పీల్చి, నొక్కి, మండించి, పొగను వెడలగొట్టును. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానములలో సిలిండర్లే గిరగిర తిరిగెడి రోటరీ ఇంజను వేఱు. విద్యార్థులు రెంటిని కలుపరాదు. కొనలవద్ద వాయువు జారిపోకుండ బిగించు పట్టీలే యిందు కఠినకార్యము. వాంకెలు ఆయుర్దాయములో పెద్దభాగము వాటికే సమర్పించెను.

ఇచ్చట నొక చీకటి ప్రకరణమును చెప్పక తప్పదు. యౌవనముననే అతడు నాజీపక్షమున చేరి బాలురను ఆ సంఘములకు చేర్చెను. పక్షములోని ప్రాంతీయ నాయకునితో కలహించి వెలివేయబడి, 1933లో కొన్ని నెలలు చెరసాలలో నుండెను. అది అధికారుల నడుమ జగడమే గాని, పీడితుల పక్షమున నిలుచుట కాదు. పిమ్మట ఆ ప్రభుత్వపు ధనముతోనే లిండావు పట్టణమున యుద్ధవిమానముల ఇంజనులకై పనిచేసెను. 1945లో ఫ్రెంచివారు అతని కర్మశాలను విప్పివేసి, అతనిని కొంతకాలము బంధించిరి. ఈ భాగమును కప్పిపుచ్చి ప్రతిభను మాత్రమే పొగడుట మాకు సమ్మతము గాదు.

1951లో ఎన్.ఎస్.యు. కంపెనీతో ఒప్పందము కుదిరెను. 1957 ఫిబ్రవరి 1వ తేదీన మొదటి ఇంజను తిరిగినది. అందు త్రికోణమును పెట్టెయు రెండును తిరుగుచుండెను. ప్లగ్గు మార్చవలెనన్న ఇంజనునంతయు విప్పవలసి యుండెను. కంపెనీ ఇంజనీరు పాష్కె పెట్టెను కదలకుండ నిలిపి, దానిని వాడుకకు తగినదిగా చేసెను. వాంకెలునకిది రుచింపలేదు, తన మేలుజాతి గుఱ్ఱమును నాగలికి కట్టిరని తలచెను. మాకు మాత్రము పాష్కె చేసినదే సరియని తోచుచున్నది. 1967లో ఎన్.ఎస్.యు. వారి ఆర్ఓ 80, జపానులో మాజ్డా వారి కాస్మో కార్లు వెలువడెను. అటుపిమ్మట, అమెరికాలో ఈ యింజను విమానమునెక్కెను.

బరువు తక్కువ, అదురు తక్కువ. విమానమున కింతకంటె నేమి కావలెను? కాని మంట పుట్టు గది పొడవై, పలుచనై, త్రికోణముతో కూడ కదలిపోవుచుండును. మంట వెనుకమూలకు చేరులోపల చల్లని గోడలు దాని నార్పును. అందుచేతనే ఒక్కొక త్రికోణమునకు రెండేసి ప్లగ్గులు. మిగిలిన పెట్రోలు పొగగొట్టములో మండి దానిని మిక్కిలి వేడెక్కించును. తూకమున ఒకపాలు పెట్రోలునకు గాలి దాదాపు 14.7 పాళ్లు సరిపోవును. పైకెగిరినకొలది గాలి పలుచబడును గనుక పెట్రోలు తగ్గింపవలెను. మితిమీరి తగ్గించినచో, బరువు మోయునప్పుడు అకాలమున ప్రేలుడు పుట్టి కొనల పట్టీలు పగులును.

మాజ్డా ఇంజనులను విమానములకు బిగించిన గృహనిర్మాతలు నేర్చినది వినదగినది. ఒక ప్లగ్గు సరిగా వెలుగకున్న, కాలని గాలియు పెట్రోలును బయటికి పోవును. పొగగొట్టమునందలి సెన్సరు ఆ గాలిలోని ఆక్సిజనును మాత్రమే గుర్తించి, పెట్రోలు చాలదని చెప్పును! దానిని నమ్మి పెట్రోలు పెంచినవాడు రోగమునకు విరుద్ధమైన మందు ఇచ్చినట్లే. సీసము కలిసిన విమాన పెట్రోలు ఆ సెన్సరునే చెఱచును. పొగవేడిని కొలుచు ముల్లును మోసగింపగలదు. మిశ్రమము చిక్కనైనను, మరీ పలుచనైనను వేడి తగ్గును. కనుక పెట్రోలును ఇంచుక తగ్గించి చూడవలెను. వేడి పెరిగిన చిక్కదనము, తగ్గిన పలుచదనము. అంతకుముందే పెట్రోలు పీడనము, వడపోత, గొట్టములలో ఆవిరి చేరినదా, గాలి దొంగదారిని చొచ్చుచున్నదా, ప్లగ్గులు వెలుగుచున్నవా యను నవి పరీక్షింపవలెను. ఇదంతయు నేలమీదనే, విమానమును గట్టిగా కట్టివేసి చేయదగిన పని.

వాంకెలు 1971లో తన హక్కులను పది కోట్ల జర్మను మార్కులకు అమ్మెను. జంతువులను హింసింపక జరుపు పరిశోధనలకై బహుమతి నేర్పరచెను. 1988 అక్టోబరు 9వ తేదీన హైడెల్బెర్గున మరణించెను. 2009లో, తెలుగు మాటలాడువారు అనేకులున్న కోలారు ప్రాంతమున, మన దేశమునందే తయారైన వాంకెలు ఇంజనుతో నిశాంత్ అను మానవరహిత విమానము ఎగిరెను.