హారీ హాప్మన్ జీవితము

ఆస్ట్రేలియా దేశపు టెన్నిసు క్రీడకు లోకమునఁ గీర్తి దెచ్చిన హారీ హాప్మన్ 1906వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన సిడ్నీ నగరమునందలి గ్లీబులో జన్మించెను. ఇతని తండ్రి ప్రధానోపాధ్యాయుఁడు. ఆయన పనిచేయు పాఠశాల యావరణముననే హారీ పదుమూఁడవయేఁట, కాళ్లకుఁ జోళ్లు లేకయే, టెన్నిసు నేర్వ నారంభించెను.

ఒంటరి యాటలో నితనికి అగ్రస్థానము లభింపలేదు. 1930, 1931, 1932 సంవత్సరములలో ఆస్ట్రేలియా పోటీల తుదియాటకు వచ్చి, మూఁడు మాఱులును ఓడిపోయెను. జంటల యాటలో మాత్రము గొప్ప నేర్పరి. 1929, 1930లలో జాక్ క్రాఫర్డుతోఁ గూడి పురుషుల జంటల బహుమానమును గెలిచెను. 1934లోఁ దాను వివాహమాడిన నెల్ హాలుతోఁ గూడి నాలుగు మాఱులు మిశ్రమ జంటల బహుమానము నందెను. తోడివాని బలమును, లోపమును గనిపెట్టి మెలఁగు గుణ మీ యాటవలననే యితని కలవడినది.

1938లో డేవిసు కప్పు జట్టునకు నాయకుఁడయ్యెను. మఱుసటి యేఁడు సెప్టెంబరులో, యుద్ధ మారంభమైన దినములలోనే, అమెరికాలో నతని జట్టు మొదటి రెండాటలు నోడెను. పిదప క్విస్టు, బ్రామ్విచ్ జంటల యాటను గెలిచిరి. తక్కిన రెండాటలును గెలిచి కప్పును గైకొనిరి.

1950లో మరల నాయకత్వము వహించెను. పరుగు, వ్యాయామము, వేళకు నిద్ర యితని నియమములు, తప్పినవారికి జరిమానా. మితిమీఱిన కాఠిన్యమని కొందఱు గొణిగిరి. 1952 కడపట సెడ్జిమన్, మెక్‌గ్రెగర్ వృత్తిక్రీడాకారులలోఁ జేరిపోఁగా, 1953లో పందొమ్మిదేండ్ల హోడ్, రోజ్వాలులతో మెల్బోర్నులో అమెరికా నెదిరింపవలసివచ్చెను. జంటల యాటలో రోజ్వాలును దప్పించి వేఱొకనిని నిలుపఁగా నోటమి గలిగెను, నిందలు మిన్నుముట్టెను. హాప్మన్ చలింపక మైదానము ప్రక్కనే కూర్చుండి బాలురకు ధైర్యము నొసఁగెను. హోడ్ అయిదు సెట్లు పోరాడి గెలిచెను. రోజ్వాలు తుదియాట గెలిచి కప్పును నిలిపెను.

ఇతని నాయకత్వమున ఆస్ట్రేలియా 16 మాఱులు కప్పు నందెను. 1966లో మన భారతజట్టును 4–1గా నోడించెను. అందు మనకు దక్కిన యొక్క గెలుపు జంటల యాటలోనిదే; దానిని రామనాథన్ కృష్ణన్, జయదీప్ ముఖర్జీ సాధించిరి.

పిమ్మట హాప్మన్ అమెరికా కేఁగి, జాన్ మెకన్రో మున్నగు యువకులకు శిక్షణ మిచ్చి, 1985 డిసెంబరు 27న మరణించెను. 1989లో పెర్తు నగరమున నితని పేర నొక పోటీ యారంభమయ్యెను. అందు ప్రతి దేశము పక్షమునను ఒక పురుషుఁడును ఒక స్త్రీయుఁ గలిసి యాడుదురు.

విద్యార్థులారా! తనకు దక్కని విజయమును తన శిష్యులు పొందఁగాఁ జూచి సంతసించుట గురువునకుఁ దగిన గుణము. అట్టి గురువు చెప్పిన నియమమును విసుఁగక పాటించుట శిష్యుని పని.